అంచుకు ఒదిగితే భద్రమా? నగరంలో సైకిల్‌కు ముప్పు ఎటునుంచి వస్తుంది

నగరంలో కొత్తగా సైకిల్ తొక్కేవారికి అందరూ చెప్పే మొదటి మాట ఒకటే: పక్కకి తొక్కు, రోడ్డు మధ్యలోకి పోకు. చెప్పేవాళ్ళు ప్రేమతోనే చెబుతారు, వినేవాళ్ళకీ అది సబబుగానే తోస్తుంది. వెనక వచ్చే బండి కంటికి కనపడదు, హారన్ మాత్రం వీపు మీదే మోగుతున్నట్టు ఉంటుంది. అందుకే ఫుట్‌పాత్‌ను ఆనుకుని పోతే ప్రాణానికి ఢోకా ఉండదనిపిస్తుంది. ఈ భయం సహజమే. కానీ ప్రమాదాలు జరిగే తీరును పట్టి చూస్తే, భయం చూపించే దిక్కు ఒకటి, ముప్పు వచ్చే దిక్కు మరొకటి.

ఊరి లోపల సైకిళ్ళకు జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం కూడళ్ళలోనో, కూడలికి కూతవేటు దూరంలోనో జరుగుతాయి. బ్రిటన్‌లో ఈ వాటా దాదాపు నాలుగింట మూడు వంతులని అక్కడి రహదారి భద్రతా సంస్థలు ఏళ్ళుగా చెబుతున్నాయి. వెనకనుంచి గుద్దడం లేకపోలేదు. జరిగినప్పుడు అది చాలా తీవ్రంగానే ఉంటుంది, ముఖ్యంగా బండ్లు వేగంగా పోయే ఊరి బయటి రోడ్ల మీద, చీకట్లో. నగరం లోపల మాత్రం దెబ్బ ఎక్కువగా ముందునుంచో పక్కనుంచో తగులుతుంది. మలుపు తిరిగే బండి, పక్క వీధిలోంచి బయటికొచ్చే బండి, ఆగి ఉన్న కారులోంచి ఒక్కసారిగా తెరుచుకునే తలుపు. ఈ మూడింటి విషయంలోనూ ఒకటే జరుగుతుంది: అంచుకు ఎంత ఒదిగితే వీటికి అంత సులువుగా దొరికిపోతాం.

అంచున ఏముంటుంది

రోడ్డు మొత్తంలో అధ్వాన్నంగా ఉండేది దాని అంచే. బండ్ల చక్రాలు పక్కకి నెట్టేసిన ఇసుక, కంకర, గాజుపెంకులు, మేకులు అక్కడికే చేరతాయి. వాననీరు పోయే కాలువల జాలీలూ అక్కడే ఉంటాయి. వాటి ఊచలు సైకిల్ పోయే దిక్కుకు సమాంతరంగా ఉంటే సన్నటి టైరు అందులో దిగబడిపోతుంది. కొన్ని రోడ్ల మీద తారు అంచు తెగి, పక్కనున్న మట్టికీ రోడ్డుకీ మధ్య నాలుగైదు వేళ్ళ ఎత్తు మెట్టు ఏర్పడుతుంది. చక్రం ఒకసారి కిందికి జారాక, తొక్కుతూనే హ్యాండిల్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ పైకెక్కాలని చూస్తే పడిపోవడం దాదాపు ఖాయం. సైకిల్ నిలబడేదే ముందు చక్రం నిరంతరం అటూఇటూ చేసుకునే చిన్న చిన్న సర్దుబాట్ల వల్ల. చక్రం ఆ మెట్టుకు రాసుకుంటూ పోతుంటే ఆ సర్దుబాటు ఆగిపోతుంది. మనిషి పడేది మట్టిలోకి కాదు, బండ్లు పోయే వైపుకే. అలా జారినప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే: ఆగి, దిగి, సైకిల్‌ను పైకి ఎత్తి పెట్టుకోవడం.

వెడల్పు లెక్క కూడా వేసి చూద్దాం. నగర వీధిలో ఒక వరస (లేన్) సుమారు మూడు మీటర్లు ఉంటుంది. అద్దాలతో కలిపి కారు వెడల్పు రెండు మీటర్లు. సైకిల్ మీద మనిషి మోచేతినుంచి మోచేతి దాకా డెబ్బై సెంటీమీటర్ల దగ్గర ఉంటాడు. చక్రం అంచుకు అర మీటరు దూరంలో ఉందనుకుంటే, బయటి మోచెయ్యి అంచుకు ఎనభై అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కారు తన వరస దాటకుండా పక్కనుంచి పోతే మధ్యలో మిగిలేది జానెడు కంటే తక్కువ. కానీ వెనకనుంచి చూసే డ్రైవరు కంటికి ఇదంతా వేరేగా కనిపిస్తుంది. సైకిల్ పక్కకి ఉంది, ముందు ఖాళీ ఉంది, పడుతుంది అనుకుంటాడు. అంచుకు ఒదగడమంటే అతన్ని ఆ ఇరుకులోకి రమ్మని పిలవడమే. సైకిల్ వరస మధ్యలో ఉన్నప్పుడు ఆ భ్రమకు తావుండదు. డ్రైవరు ఆగాలి, లేదా పక్క వరసలోకి పూర్తిగా మారి పోవాలి.

ఇది మొండితనం నేర్పే సలహా కాదు, నియమాల పుస్తకాల్లోకే ఎక్కింది. బ్రిటన్ హైవే కోడ్‌ను 2022 జనవరి 29న మార్చినప్పుడు రద్దీ లేని వీధుల్లో, బండ్లు నెమ్మదిగా కదిలే చోట, కూడళ్ళు దగ్గరపడుతున్నప్పుడు, రోడ్డు ఇరుకైన చోట సైకిల్ వరస మధ్యలో పోవచ్చని స్పష్టంగా రాశారు. బండ్లు తమకంటే వేగంగా పోయే రోడ్ల మీద అంచుకు కనీసం అర మీటరు ఎడం ఉంచమన్నారు. గంటకు 30 మైళ్ళ లోపు వేగంతో దాటే బండి సైకిల్‌కు కనీసం 1.5 మీటర్లు వదలాలన్నారు. జర్మనీ 2020లోనే ఊరి లోపల 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు అని చట్టంలో పెట్టింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సైకిల్‌కు దూరం కొలిచే పరికరం బిగించుకుని, తనను దాటిన రెండు వేల పైచిలుకు బండ్లు ఎంత ఎడం వదిలాయో కొలిచి 2007లో ప్రచురించాడు. సైకిల్ అంచునుంచి ఎంత ఇవతలికి వస్తే, దాటే బండ్లు అంత దగ్గరగా వచ్చాయి. పైపైన చూస్తే ఇది అంచువాదానికే బలం. కానీ లోతుకు పోతే తేలేది వేరు. చాలామంది డ్రైవర్లు సైకిల్ ఎక్కడుందో చూసి తమ దారి మార్చుకోరు, తమ గీత మీద తాము పోతారు. కాబట్టి వెడల్పాటి రోడ్డు మీద కాస్త ఇవతలికి జరిగితే వెనకవాళ్ళు మరింత ఎడం వదులుతారని ఆశించకూడదు. జరగడం వల్ల దక్కేది అవతలి వైపు చోటు. ఏ బండైనా మరీ మీదికొస్తే తప్పుకోవడానికి, గుంత కనిపిస్తే పక్కకి వంచడానికి ఆ అర మీటరు పనికొస్తుంది. అంచునే ఉన్నవారికి తప్పుకునే చోటే మిగలదు. ఇక దాటడానికి చోటు చాలని ఇరుకులో మాత్రం కాస్త జరగడం కాదు, మధ్యలోకే రావాలి. సగం సగం ఉండటమే అన్నిటికంటే చెడ్డది. గంటకు అరవై, డెబ్భై కిలోమీటర్ల వేగంతో బండ్లు దూసుకుపోయే రోడ్డు మీద ఇవేవీ పనిచెయ్యవు. అక్కడ తెలివైన చోటు రోడ్డు మధ్యా కాదు, అంచూ కాదు, పక్క వీధి. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే, నెమ్మది వీధుల మీదుగా దారి వెతుక్కోవడం బయలుదేరకముందే తీసుకోగల భద్రత.

కారు తలుపు

వీధి పక్కన వరసగా కార్లు ఆగి ఉన్నాయి. సైకిల్ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతోంది, అంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. ఒక కారు తలుపు తెరుచుకుంటుంది. అది పూర్తిగా తెరుచుకోవడానికి సెకను కూడా పట్టదు, బయటికి దాదాపు ఒక మీటరు చాచుకుంటుంది. చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీదికి వేళ్ళు పోయేలోగానే సైకిల్ కారు పొడవంత దూరం పోయి ఉంటుంది. ఆపడం సాధ్యం కాదు. తలుపుకు నేరుగా గుద్దుకోవడం ఒక రకం. అంతకంటే ఘోరమైన రకం హ్యాండిల్ కొస మాత్రమే తలుపు అంచుకు తగలడం. ఆ కొస అక్కడే ఆగిపోతుంది, ముందు చక్రం కారు వైపుకు తిరుగుతుంది, సైకిల్ రెండో వైపుకు ఒరుగుతుంది. మనిషి వెళ్ళి పడేది నడుస్తున్న బండ్ల ముందు. తలుపు తగిలిన ప్రమాదాల్లో ప్రాణాలు పోవడానికి కారణం చాలాసార్లు తలుపు కాదు, ఆ వెంటనే వచ్చే బండి.

దీనికి చురుకుదనం మందు కాదు. కార్లలో తలలు కనిపిస్తున్నాయేమో, బ్రేకు లైటు అప్పుడే ఆరిందేమో చూస్తూ పోవడం మంచిదే, కానీ వెనక అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉంటే, సీటులో పిల్లవాడు ఉంటే ఆ చూపు తప్పిపోతుంది. నమ్మదగ్గది ఎడం ఒక్కటే. ఆగి ఉన్న కార్ల పక్కన పోయేటప్పుడు పూర్తిగా తెరిచిన తలుపు కూడా మోచేతికి అందనంత దూరం, అంటే మీటరుకు పైగా ఎప్పుడూ ఉంచాలి. రెండు కార్ల మధ్య ఖాళీ కనిపించినప్పుడల్లా అందులోకి దూరి మళ్ళీ బయటికి రావడం ఇంకో పొరపాటు. దూరినప్పుడు వెనకవారి కంటికి సైకిల్ మాయమైపోతుంది, బయటికొచ్చినప్పుడు హఠాత్తుగా ఊడిపడినట్టు ఉంటుంది. ఒకే గీత మీద పోవాలి.

కారులో ఉన్నవాళ్ళు చెయ్యగలిగింది కూడా ఉంది, అది చాలా తేలిక. తలుపును దానికి దగ్గరగా ఉన్న చేత్తో కాకుండా రెండో చేత్తో తెరవాలి. అలా చేస్తే ఒళ్ళు దానంతటదే తిరుగుతుంది, చూపు అద్దం మీదుగా వెనక్కి పోతుంది. నెదర్లాండ్స్ పేరు మీద ‘డచ్ రీచ్’ అని పిలిచే ఈ అలవాటును బ్రిటన్ 2022లో హైవే కోడ్‌లో చేర్చింది. కారులో పిల్లల్ని ఎక్కించుకునే ప్రతి ఇంట్లోనూ దీన్ని నేర్పాలి.

చూసి కూడా చూడని కన్ను

కూడలి దగ్గర ప్రమాదం జరిగాక డ్రైవర్లు చెప్పే మాట దాదాపు ప్రతి దేశంలోనూ ఒకటే: చూశాను, ఎవరూ కనపడలేదు. అబద్ధమని కొట్టిపారెయ్యాలనిపిస్తుంది. కానీ చాలాసార్లు అది నిజమే. మనిషి కన్ను రోడ్డును సాఫీగా ఊడ్చినట్టు చూడదు, ఒక చోటునుంచి మరో చోటుకు గెంతుతూ చూస్తుంది. గెంతే ఆ క్షణంలో మెదడు చూపును అణచిపెట్టేస్తుంది. తలను గబుక్కున అటూ ఇటూ తిప్పి చూసిన డ్రైవరు చూపు నాలుగైదు చోట్ల మాత్రమే ఆగుతుంది, మిగతాది మెదడు పూరించుకుంటుంది. సైకిల్ సన్నగా ఉంటుంది, ఆ ఖాళీలో ఇట్టే ఇమిడిపోతుంది. దానికి తోడు ముందు అద్దం పక్కనుండే స్తంభం. ఇప్పటి కార్లలో అది లావుగా వస్తోంది, కొద్ది మీటర్ల దూరంలో ఒక సైకిల్‌ను మొత్తంగా దాచేస్తుంది. రెండు బండ్లు స్థిరమైన వేగంతో ఒకే బిందువు వైపు వస్తున్నప్పుడు ఒకటి రెండోదానికి ఎప్పుడూ ఒకే కోణంలో కనిపిస్తుంది. అంటే ఢీకొనబోయే సైకిలే డ్రైవరు కంటికి కదలనట్టు ఉంటుంది, లేదా స్తంభం వెనకే మొదటినుంచి చివరిదాకా దాగి ఉండిపోతుంది.

చూపు ఎటు పోతుందనేది అలవాటు మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఫిన్లాండ్‌లో హైకీ సుమ్మాల, ఆయన సహచరులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో రోడ్డు కలిసే చోట్ల కెమెరాలు పెట్టి డ్రైవర్ల తలలు ఎటు తిరుగుతున్నాయో గమనించారు. అక్కడ బండ్లు పోయేది రోడ్డుకు కుడిపక్కన. కుడివైపు మలుపు తిరిగేవాళ్ళు ఎడమవైపే చూస్తున్నారు, ఎందుకంటే వాళ్ళకు అడ్డొచ్చే కార్లు అటునుంచే వస్తాయి. కుడివైపునుంచి వచ్చే సైకిల్ వాళ్ళ లెక్కలోనే లేదు. డ్రైవర్లు తమకు ముప్పు తెచ్చేదాన్ని వెతుకుతారు, తమవల్ల ముప్పులో పడేదాన్ని కాదు.

రోడ్డుకు తప్పు వైపున, ఎదురుగా తొక్కడం ఎందుకంత ప్రమాదకరమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎదురొచ్చే బండి కనిపిస్తుంది కాబట్టి ఇదే క్షేమమని చాలామంది నమ్ముతారు. కానీ పక్క వీధిలోంచి వచ్చే డ్రైవరు అటు చూడడు. పైగా రెండు వేగాలూ కలిసిపోతాయి. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరంలో జరిగిన అధ్యయనం ఒకటి 1994లో వచ్చింది. ఎదురు దిశలో తొక్కేవారికి కూడళ్ళలో ముప్పు సరైన దిశలో పోయేవారికంటే 3.6 రెట్లు ఎక్కువని అందులో తేలింది. ఫుట్‌పాత్ మీద తొక్కేవారికీ రోడ్డు మీద తొక్కేవారికంటే ముప్పు ఎక్కువగానే కనిపించింది. ఫుట్‌పాత్ సురక్షితంగా అనిపించేది కూడలి వచ్చేదాకానే.

డ్రైవరు కన్ను ఇలా పనిచేస్తుందని తెలిశాక, సైకిల్ మీద ఉన్నవారు చెయ్యాల్సింది అతని చూపు ఆగే చోట ఉండటం. కూడలికి ముప్ఫై నలభై మీటర్ల ముందే, ముందుగా భుజం మీదుగా వెనక్కి చూసి, చెయ్యి చూపించి, వరస మధ్యలోకి వచ్చెయ్యాలి. ఈ వెనక్కి చూడటం చేతి సైగ కంటే ముఖ్యం. చెయ్యి ఊపి వెంటనే పక్కకి జరగడం సైగ కాదు, సాహసం. తల తిప్పి చూసినప్పుడు వెనక డ్రైవరుకు ఒక ముఖం కనపడుతుంది, ఏదో జరగబోతోందని అర్థమవుతుంది. హ్యాండిల్ వంకరపోకుండా తల తిప్పడం అందరికీ మొదట్లో రాదు. ఖాళీ మైదానంలో తెల్లగీత మీద తొక్కుతూ కొన్నాళ్ళు సాధన చేస్తే వస్తుంది, రోడ్డెక్కకముందే ఆ సాధన అయిపోవాలి.

పక్క వీధిలో ఒక కారు బయటికి రావడానికి సిద్ధంగా ఉందనుకుందాం. డ్రైవరు కళ్ళలోకి చూడమంటారు. చూడొచ్చు, కానీ ఎండ పడిన అద్దం వెనక కళ్ళు కనపడవు, కనపడినా అతను నిజంగా చూశాడన్న హామీ లేదు. దానికంటే కారు ముందు చక్రాన్ని చూడటం మేలు. దొర్లే చక్రం పైభాగం కారు వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు కదులుతుంది, కాబట్టి బండి కదలబోతున్న సంగతి బానెట్ కంటే ముందు చక్రమే చెప్పేస్తుంది. ఆ క్షణంలో పెడల్ ఆపి, రెండు చేతుల వేళ్ళూ బ్రేకుల మీద పెట్టుకుని ఉండాలి. ఆగాల్సి వస్తే ఆ అర సెకనే కాపాడుతుంది.

లారీ పక్కన ఎన్నడూ

మిగతా ప్రమాదాల్లో ఎముకలు విరుగుతాయి. లారీ కింద పడితే ప్రాణాలే పోతాయి. నగరాల్లో సైకిల్ మీద చనిపోయేవారిలో లారీల వాటా రోడ్డు మీద వాటి సంఖ్యకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ప్రమాదాలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో జరుగుతాయి.

సిగ్నల్ ఎర్రగా ఉంది, ముందు లారీ ఆగి ఉంది. దానికీ ఫుట్‌పాత్‌కూ మధ్య సైకిల్ పట్టేంత సందు ఉంది. సిగ్నల్ పడేలోగా ముందుకు పోవాలన్న తొందరలో సైకిల్ ఆ సందులోకి పోతుంది. ఎత్తయిన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు ఆ కిటికీ కిందుగా ఉన్నదేదీ కనపడదు. క్యాబిన్ ముందు భాగంలో అంటుకుని నిలబడినా కనపడకపోవచ్చు. పచ్చదీపం పడుతుంది, లారీ అంచు వైపు మలుపు తిరుగుతుంది. పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో పోవు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం దాటిపోయింది కదా అనుకున్న సైకిల్ మీదికి నడుము భాగం మెల్లగా, ఆగకుండా దగ్గరవుతుంది. అటు లారీ, ఇటు ఫుట్‌పాత్ కట్ట, మధ్యలో చోటు కుంచించుకుపోతుంది. అప్పటికి లారీ వేగం మనిషి నడకంతే ఉంటుంది. వేగం ఈ ప్రమాదంలో పాత్రధారి కానే కాదు.

ఇందులో మరో మోసం కూడా ఉంది. ఇరుకు మలుపు తిరగాల్సిన లారీ, ట్రైలర్లు ముందుగా వ్యతిరేక దిశకు కాస్త విప్పారి, ఆ తర్వాత తిరుగుతాయి. ఆ విప్పారడంలో అంచు వైపు చోటు తెరుచుకుంటుంది, లారీ నేరుగానో అటువైపో పోతోందనిపిస్తుంది. సందు పెరిగింది కదా అని లోపలికి పోయినవారి మీదికే అది తిరుగుతుంది.

అందుకే ఇక్కడ మినహాయింపులు ఉండకూడదు. ఆగి ఉన్నా, కదులుతున్నా, మలుపు లైటు వెలుగుతున్నా వెలగకున్నా, లారీకీ బస్సుకీ అంచు వైపు సందులోకి పోకూడదు. రోడ్డు మీద అందుకోసమే గీసిన సైకిల్ దారి ఉన్నా పోకూడదు. వెనక ఆగి ఎదురుచూడాలి, అదీ డ్రైవరు అద్దం మనకు కనిపించేంత వెనక. సైకిల్ ముందే ఆగి ఉండగా లారీ వచ్చి పక్కన నిలిస్తే, సైకిల్‌ను ఎత్తుకుని ఫుట్‌పాత్ ఎక్కడానికి సంకోచించకూడదు. పిల్లలకు సైకిల్ కొనిచ్చిన రోజే, హెల్మెట్ పెట్టుకోమని చెప్పేలోగానే ఈ మాట చెప్పాలి.

లండన్ నగరం ఈ సమస్యను డ్రైవర్ల శిక్షణతో వదిలెయ్యకుండా బండి తయారీ దాకా తీసుకుపోయింది. 12 టన్నులు దాటిన లారీల క్యాబిన్‌లోంచి నేరుగా ఎంత కనిపిస్తుందో కొలిచి నక్షత్రాలు ఇస్తారు. ఒక్క నక్షత్రమూ రానివాటికి అదనపు పరికరాలు లేకుండా నగరంలోకి ప్రవేశం లేదని 2021 మార్చినుంచి అమలు చేశారు, 2024 అక్టోబరులో ఆ మెట్టును మూడు నక్షత్రాలకు పెంచారు. కిటికీలు కిందిదాకా ఉండి, డ్రైవరు కాస్త కిందుగా కూర్చునే లారీలు తయారు చెయ్యడం అసాధ్యం కాదని అది చూపించింది.

బ్రేకు, వాన, వెలుతురు

బ్రేకుల గురించి ఒక అపోహ బలంగా పాతుకుపోయింది: ముందు బ్రేకు వేస్తే బోల్తా పడతారని. భయంతో వెనక బ్రేకు మీదే ఆధారపడేవారు ఆగడానికి దాదాపు రెట్టింపు దూరం తీసుకుంటారు. ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి పోతుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. ఆపే శక్తి ముందు చక్రానిదే. రెండు బ్రేకులూ కలిపి, ముందుదాన్ని క్రమంగా గట్టిచేస్తూ, ఒంటిని సీటు వెనక్కి నెట్టి, మోచేతులు బిగించి ఆగడం నేర్చుకోవాలి. బోల్తా పడేది ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కినప్పుడు, లేదా మలుపులో చక్రం తిరిగి ఉన్నప్పుడు వేసినప్పుడు.

రిమ్ముకు పట్టే బ్రేకులు తడిస్తే మొదటి ఒకటి రెండు చుట్లు నీటిని తుడవడానికే సరిపోతాయి, ఆ తర్వాతే పట్టుకుంటాయి. వానలో అందుకే ముందునుంచే మెల్లగా తాకిస్తూ పోవాలి. రోడ్డు మీది తెల్లరంగు గీతలు, మ్యాన్‌హోల్ ఇనుప మూతలు, తడిసిన ఆకులు, వాన మొదలైన తొలి నిమిషాల్లో తేలే నూనె చారలు, వీటి మీద మలుపు తిప్పకూడదు, బ్రేకు వెయ్యకూడదు. ట్రాం పట్టాలను, రైలు పట్టాలను లంబకోణానికి దగ్గరగా దాటాలి. వాలుగా పోతే టైరు గాడిలో పడుతుంది. బయలుదేరేముందు టైర్లలో గాలి, బ్రేకుల పట్టు, చైను బిగి, ఈ మూడూ చూసుకోవడానికి నిమిషం చాలు.

వెలుతురు విషయంలో పగలు, రాత్రి అని తేడా చెయ్యనవసరం లేదు. డెన్మార్క్‌లోని ఓడెన్స్‌లో దాదాపు 4,000 మందితో ఏడాది పాటు ఒక ప్రయోగం జరిగింది. పగలూ రాత్రీ వెలుగుతూ ఉండే లైట్లు బిగించిన సైకిళ్ళ మీదివారు గాయపడిన ప్రమాదాలు, అవి లేనివారికంటే 19 శాతం తక్కువగా ఉన్నాయి. రాత్రిపూట మాత్రం లైటుతో పాటు కదలిక కనపడాలి. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో చీకటిగదిలో మనుషుల కీళ్ళకు మాత్రమే వెలుగు చుక్కలు అంటించి చిత్రీకరించాడు. నిశ్చలంగా ఉన్నప్పుడు అవి అర్థంలేని చుక్కలే, కదలగానే చూసేవాళ్ళు అది మనిషి అని క్షణంలో పట్టేశారు. సైకిల్ మీద ఆ కదలిక కాళ్ళది. మెరిసే పట్టీని చీలమండలకు, మోకాళ్ళకు చుట్టుకుంటే వెనక డ్రైవరుకు తొక్కుతున్న మనిషి కనపడతాడు. చొక్కా వెనక ఎంత పెద్ద మెరుపు అద్దినా అది ఏదో మెరుస్తున్న వస్తువుగానే ఉంటుంది. ముదురు రంగు బట్టల గురించి ఎంతో మాట్లాడతారు గానీ, చీకట్లో బట్ట రంగు కంటే ఈ పట్టీలు, లైట్లే అక్కరకొస్తాయి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వెనకవైపు సమాచారాన్ని క్షణం క్షణం అందించేవి చెవులే.

హెల్మెట్ ఎంతవరకు

సైకిల్ భద్రత అనగానే మాట హెల్మెట్ మీదికి పోతుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. హెల్మెట్ పెట్టుకోవాలి. తల నేలకు కొట్టుకునే పాట్లలో అది మెదడుకు తగిలే దెబ్బను తగ్గిస్తుంది. లోపలి నురుగు నలిగి ఆ శక్తిని పీల్చుకుంటుంది, అందుకే ఒక గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగానే ఉన్నా మార్చెయ్యాలి. కానీ దాన్ని దేనికోసం తయారు చేశారో తెలిసి పెట్టుకోవాలి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం పరీక్షించేటప్పుడు హెల్మెట్‌ను సుమారు మీటరున్నర ఎత్తునుంచి పడేస్తారు, నేలను తాకేసరికి వేగం గంటకు 20 కిలోమీటర్ల లోపే. అంటే సైకిల్ జారి మనిషి కింద పడటాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువు అది. యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే కారును, మీదికెక్కే లారీ చక్రాన్ని ఆపడానికి కాదు. హెల్మెట్ లేదన్న ఒక్క మాటతో ప్రమాదం కథ ముగించే వార్తలు చదివినప్పుడల్లా బాధేస్తుంది. ఆ కూడలి ఎలా ఉంది, ఆ బండి ఎంత వేగంతో వచ్చింది అన్న ప్రశ్నలు అక్కడే పూడిపోతాయి.

ముప్ఫై, యాభై

వేగం విషయానికొద్దాం, ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పిన ప్రతి జాగ్రత్తా పనిచేసేదీ, వమ్మయ్యేదీ దాన్నిబట్టే. ఒక కారు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, ఇంకొకటి 50తో. ఇద్దరు డ్రైవర్లకూ ఒకే క్షణంలో సైకిల్ కనిపించింది, ఇద్దరికీ స్పందించడానికి ఒక సెకను పట్టింది. 30తో వచ్చిన కారు ఆ సెకనులో 8 మీటర్లు పోతుంది, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే మరో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. 50తో వచ్చిన కారు ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు పోతుంది. మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటును రెండోది ఇంకా బ్రేకు కూడా వెయ్యకుండా, అదే యాభైతో దాటుతుంది. సైకిల్ ఆ చోట ఉంటే, ఒకరికి అది ఉలికిపాటు, ఇంకొకరికి చివరి ప్రయాణం. దెబ్బలోని శక్తి కూడా వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది.

అందుకే పారిస్ 2021 ఆగస్టులో నగరంలోని ఎక్కువ వీధులకు 30 కిలోమీటర్ల హద్దు పెట్టింది. ఆ ఏడాది మొదట్లోనే బ్రస్సెల్స్ అదే చేసింది. ఓస్లోలో 2019 ఏడాదంతా పాదచారి గానీ, సైకిల్ మీదివారు గానీ ఒక్కరూ రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. హెల్సింకీలో 2024 జులైనుంచి ఏడాది పాటు అసలు ఏ రోడ్డు మరణమూ లేదు. అక్కడ సగానికి పైగా వీధుల్లో హద్దు 30 కిలోమీటర్లే.

ఇప్పుడు సైకిళ్ళకు పెట్టింది పేరైన నెదర్లాండ్స్ కూడా మొదటినుంచీ ఇలా లేదు. 1971లో ఆ చిన్న దేశంలో మూడు వేలమందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. పిల్లల చావులు ఆపండంటూ 1972లో తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు, రోడ్లకు అడ్డంగా బైఠాయించారు. ఆ ఒత్తిడితో, ఆ వెంటనే వచ్చిన చమురు సంక్షోభంతో, ప్రభుత్వం సైకిల్ దారులు వేరుచెయ్యడం, వీధుల్లో వేగం తగ్గించడం మొదలుపెట్టింది.

సైకిళ్ళు పెరిగితే ప్రమాదాలూ అదే లెక్కన పెరుగుతాయన్న వాదన తరచూ వినిపిస్తుంది. పీటర్ జేకబ్‌సెన్ 2003లో వేర్వేరు నగరాల, దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది మరొకటి. సైకిల్ తొక్కేవారు రెట్టింపైన చోట ఒక్కొక్కరికీ ఉండే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గింది. రోజూ సైకిళ్ళు కనిపించే వీధిలో డ్రైవరు కన్ను వాటికోసం వెతకడం నేర్చుకుంటుంది. కారణం, ఫలితం ఏది ముందన్న చర్చ ఉండొచ్చు, మంచి రోడ్లున్న చోటే ఎక్కువమంది తొక్కుతారు కూడా. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

కూడలి నిర్మాణంలో డచ్చివారు చేసిన మార్పు చూడటానికి చాలా చిన్నది. మలుపు మూలలో కొద్దిపాటి ఎత్తున ఒక దిమ్మె కట్టి, సైకిల్ దారిని దాని వెనకగా, కారు దారికి అయిదారు మీటర్ల ఎడంగా తిప్పారు. ఆ దిమ్మెను చుట్టి రావాలి కాబట్టి మలుపు తిరిగే బండి నెమ్మదించక తప్పదు. తిరిగేసరికి సైకిల్ దాటే చోటు దానికి అడ్డంగా, సరిగ్గా ఎదురుగా ఉంటుంది. డ్రైవరు పక్క అద్దంలో వెతుక్కోవాల్సిన మనిషి ముందు అద్దంలోంచి నిండుగా కనిపిస్తాడు, సైకిల్ దాటేదాకా ఒక కారు ఆగడానికి మధ్యలో చోటు కూడా ఉంటుంది.